నోటికి ముందున్న నాదం

సంగీతరత్నాకరం చేతికి తీసుకున్నవారు మొదటి అధ్యాయంలోనే ఆగిపోతారు. స్వరాల లెక్కలు, రాగాల లక్షణాలు వస్తాయనుకుంటే శార్ఙ్గదేవుడు పిండోత్పత్తి ప్రకరణం అందుకుంటాడు. జీవుడు గర్భంలోకి ఎలా వస్తాడు, ఏ నెలలో ఏ అంగం ఏర్పడుతుంది, నాడులు ఎలా వ్యాపిస్తాయి, ఏ చక్రానికి ఎన్ని దళాలు, ఇవన్నీ చెప్పిన తరువాతే నాదం మాట ఎత్తుతాడు. పాట నేర్చుకోవడానికి వచ్చినవాడికి ఈ శరీర విచారం ఎందుకని అడగాలనిపిస్తుంది. పాట పుట్టేచోటు తెలియనివాడికి అది చేరేచోటూ తెలియదని ఆ మహానుభావుడి అభిప్రాయం అనుకుంటాను.

ఆయన చెప్పే క్రమం ఇది. ఆత్మకు పలకాలన్న ఇచ్ఛ కలుగుతుంది. ఆ ఇచ్ఛ మనస్సును కదిలిస్తుంది. మనస్సు దేహంలోని అగ్నిని తాకుతుంది. అగ్ని వాయువును ప్రేరేపిస్తుంది. బ్రహ్మగ్రంథిలో ఉన్న ఆ ప్రాణవాయువు పైకి లేస్తూ నాభిలో, హృదయంలో, కంఠంలో, శిరస్సులో, ముఖంలో వరుసగా ధ్వనిని వెలిబుచ్చుతుంది. నాభిలో ఉన్నది అతిసూక్ష్మం, హృదయంలో సూక్ష్మం, కంఠంలో పుష్టం, శిరస్సులో అపుష్టం, ముఖంలో కృత్రిమం. నాలుక, దంతాలు, పెదవులు, అంగిలి కలిసి ధ్వనిని అక్షరంగా మలిచేది ఈ ఐదో చోటే. తెలుగు తెలుగయ్యేదీ, తమిళం తమిళమయ్యేదీ, కన్నడం, మరాఠీ, ఇంగ్లీషు వేరువేరయ్యేదీ ఇక్కడే. అంతకు ముందున్న నాలుగు మజిలీల్లో ఏ భాషా లేదు. అక్కడ ఉన్నది ప్రాణం, అగ్ని, ఇచ్ఛ. ఇవి మనుషులందరికీ ఒకటే.

ఋగ్వేదంలో దీర్ఘతమసుడు ఇదే సత్యాన్ని మరో విధంగా దర్శించాడు. వాక్కుకు నాలుగు పాదాలున్నాయని, మూడు గుహలో దాగి కదలకుండా ఉంటాయని, మనుషులు పలికేది నాలుగోది మాత్రమేనని ఆయన మంత్రానికి తాత్పర్యం. తరువాతివారు వాటికి పరా, పశ్యంతి, మధ్యమ, వైఖరి అని పేర్లు పెట్టారు. మనం వాదులాడుకునేది, హద్దులు గీసుకునేది, రాష్ట్రాలు పంచుకునేది ఆ నాలుగో పాదంతో. సంగీతం మాత్రం నాలుగో పాదంలో నిలిచి పలుకుతూనే వినేవాణ్ణి లోపలి మూడింటి వైపు తిప్పుతుంది. భాష రానివాడు కూడా పాట విని కన్నీరు పెట్టుకోవడానికి కారణం ఇదే. ఆ క్షణంలో అతడికి ఒక భాష తక్కువైంది కాదు. భాషల కన్నా ముందున్నదేదో అతడిలో మేలుకుంది.

నాదం గురించి ఈ మాట చెప్పిన సంగీతరత్నాకరం నడిచిన దారి కూడా దీనికి సాక్ష్యమే. శార్ఙ్గదేవుడి తాత కాశ్మీరం నుంచి దక్షిణానికి వచ్చినవాడు. మనవడు 13వ శతాబ్దంలో దేవగిరి యాదవరాజు సింఘణుడి ఆశ్రయంలో సంస్కృతంలో ఈ గ్రంథం రాశాడు. దానికి సంగీతసుధాకరమనే వ్యాఖ్య రచించిన సింహభూపాలుడు మన రాచకొండ నేలిన రేచర్ల ప్రభువేనని పండితుల అభిప్రాయం. 15వ శతాబ్దంలో విజయనగరంలో కల్లినాథుడు కళానిధి అనే మరో వ్యాఖ్య రాశాడు. కాశ్మీరం, మహారాష్ట్రం, తెలంగాణం, కర్ణాటకం ఒక్క గ్రంథం చుట్టూ కూర్చున్నాయి.

అయితే సిద్ధాంతం ఒకటి, అనుభవం ఒకటి. ఈ సిద్ధాంతం మనుషుల మధ్య పూర్తిగా పండిన చోటు ఏదని అడిగితే నా మనసు తంజావూరు వైపే పోతుంది.

1532 నుంచి 1673 వరకు తంజావూరు నేలిన నాయకరాజుల ఆస్థానంలో తెలుగుకు పెద్దపీట. వారి తరువాత భోంసలే వంశపు మరాఠాలు వచ్చారు. ఇంట్లో మరాఠీ మాట్లాడే ఆ రాజుల్లో శాహజీ తిరువారూరు త్యాగేశుడి మీద పల్లకి సేవా ప్రబంధాన్ని తెలుగులో రచించాడు. దేవుడు తమిళనేల మీద, రాజు మరాఠా, పాట తెలుగు, పాట వెనకున్న శాస్త్రం సంస్కృతం. ఇంత కలయిక ఎవరో ప్రణాళిక వేస్తే వచ్చింది కాదు. ఆ తిరువారూరులోనే శ్యామశాస్త్రి, త్యాగరాజు, ముత్తుస్వామి దీక్షితులు పుట్టారు. 1767లో పుట్టిన కాకర్ల త్యాగరాజు తరువాత తిరువయ్యారు చేరి, కావేరి ఒడ్డున జీవితమంతా గడిపి, 1847లో పుష్య బహుళ పంచమి నాడు సిద్ధి పొందాడు. చుట్టూ తమిళం వినబడుతుంటే ఇంటి భాషలో రాముడితో మాట్లాడాడు. జగన్మోహిని రాగంలో ఆయన చేసిన ఒక కృతిలో సప్తస్వరాల దేవతలు నాభి, హృదయం, కంఠం, నాలుక, నాసిక మొదలైన చోట్ల వెలుగుతారన్న భావం ఉంది. శార్ఙ్గదేవుడు శాస్త్రంగా చెప్పినదాన్ని ఆయన భజనగా మార్చుకున్నాడు.

త్యాగరాజు ఇంటికి కేరళ నుంచి షట్కాల గోవింద మారార్ వచ్చిన ఘట్టాన్ని సంగీతలోకం ఎంతో ప్రేమగా చెప్పుకుంటుంది. ఒకే పాటను ఆరు కాలాల్లో పాడగల దిట్ట ఆయన. త్యాగరాజు సమక్షంలో జయదేవుడి అష్టపది అందుకుని కాలం వెంట కాలం పెంచుతూ పాడాడట. అది విని త్యాగరాజు మహానుభావులందరికీ నమస్కరిస్తూ శ్రీరాగ పంచరత్నాన్ని వినిపించాడని సంప్రదాయం. ఈ కథను చెప్పేవారు ఎంత అలంకరించినా మూలంలో ఉన్న దృశ్యం మారదు. పాడినవాడు మలయాళి. పాట తూర్పుతీరపు కవి 12వ శతాబ్దంలో సంస్కృతంలో రాసినది. పాడిన చోటు తమిళదేశం. విని పులకించినవాడు తెలుగువాడు. ఇద్దరి మధ్యా ఉమ్మడి మాతృభాష లేదు. తనకన్నా పెద్దవారు లోకంలో ఎందరో ఉన్నారన్న ఎరుక త్యాగరాజుకు ఆ క్షణాన మాటల ద్వారా కలిగి ఉండదు. కంఠం, శిరస్సు దాటి వచ్చిన ధ్వని ఆయన హృదయంలోని సూక్ష్మాన్ని తాకింది. ఒక మనిషి మరో మనిషికి నమస్కరించేది అక్కడి నుంచే. పెద్దరికం అంటే ఏమిటో ఆ నమస్కారంలో తెలుస్తుంది.

త్యాగరాజు శిష్యులను చూడండి. వాలాజాపేట వేంకటరమణ భాగవతులు సౌరాష్ట్రులు, ఇంటి భాష సౌరాష్ట్రి. ఉమయాళ్‌పురం సోదరులు తమిళులు. మానంబుచావడి వేంకటసుబ్బయ్య తెలుగువాడు. గురువుగారి కృతులను ఎవరి శ్రద్ధతో వారు కాపాడారు. మానంబుచావడివారి దగ్గర నేర్చుకున్న సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారు ఆ విద్యను కృష్ణాతీరానికి తెచ్చారు. ఆయన శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, వారి శిష్యులు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. అలా తెలుగు పాట తమిళదేశంలో పెరిగి తెలుగుదేశానికి తిరిగి వచ్చింది. తమిళులు కాపాడకపోతే మనకు త్యాగరాజు ఇంతగా దక్కేవాడు కాదు. ఈ ఋణాన్ని తెలుగువారు తరచుగా తలచుకోవాలి.

వారు ఎలా కాపాడారో కూడా తెలుసుకోదగినది. తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకే అక్షరం. తెలుగు సాహిత్యం తప్పు పోకూడదని వారు తమిళంలో అచ్చువేసే కీర్తనల పుస్తకాల్లో అక్షరం పక్కన చిన్నగా 2, 3, 4 అంకెలు వేసుకుంటారు. అంకె చూసి ఒత్తు పలకాలి, అంకె చూసి గకారం పలకాలి. మనకు ఊపిరి పీల్చినంత సులువైన అక్షరం కోసం ఒక తమిళ బాలిక అంకెల మీద కళ్లు పెట్టి ఏళ్ల తరబడి సాధన చేస్తుంది. దీన్ని నేను జపంతో సమానమైన తపస్సుగా భావిస్తాను. ఇతరుల మాటను వారు పలికినట్టే పలకాలని మన నాలుకను వంచడం కన్నా అహంకారానికి మంచి మందు లేదు. పాట తమ నోటి నుంచి వస్తున్నా ఆ నోటిని వారు తమ ఇష్టానికి వదిలేయలేదు.

ఇంకాస్త లోపలికి వెళ్దాం. కచేరీ మొదలయ్యే ముందు తంబూరా వినండి. నాలుగు తీగలు: మంద్ర పంచమం, రెండు సారణులు, మంద్ర షడ్జం. గుర్రం మీద తీగ కింద సన్నని నూలుపోగు సరైన చోటికి జరిపితే జీవా పలుకుతుంది. శ్రుతి చక్కగా చేరినప్పుడు ఆ ధ్వనిలో అంతర గాంధారం వినబడుతుంది. నాలుగు తీగల్లో ఏ తీగకూ గాంధారం కట్టలేదు, ఎవరూ మీటలేదు. అందుకే దాన్ని స్వయంభూ గాంధారం అంటారు. తీగ మొత్తంగా కంపిస్తూనే సగాలుగా, మూడో వంతులుగా, ఐదో వంతులుగా కూడా కంపిస్తుందని, ఐదో వంతు కంపనం గాంధారమవుతుందని భౌతికశాస్త్రం వివరిస్తుంది. షడ్జ పంచమాల నిష్పత్తి 2:3 తిరువయ్యారులో ఎంతో వియన్నాలో కూడా అంతే. మన మోహనం, హిందుస్తానీవారి భూప్, చైనా పాటలు, స్కాట్లండ్ జానపదాలు అదే ఐదు స్వరాల చుట్టూ తిరగడం కూడా ఈ ప్రకృతి ధర్మం లోనిదే.

సాధకుడికి ఇక్కడ ఒక ఉపదేశం ఉంది. మీటినది మాత్రమే వినేవాడికి నాలుగు తీగలే వినబడతాయి. నిశ్చలంగా కూర్చున్నవాడికి మీటనిది కూడా వినబడుతుంది. యోగులు అనాహతం అన్నది ఇటువంటి వినికిడినే అత్యున్నత స్థాయిలో చెప్పినమాట. రెండు భాషలవారు, రెండు మతాలవారు పక్కపక్కన కూర్చుని శ్రుతి కలిపినప్పుడు వారిద్దరిలో ఎవరూ తేని మూడోదొకటి వారి మధ్య పలుకుతుంది. దానికి యజమాని లేడు.

శార్ఙ్గదేవుడు ఇక్కడ గొప్ప వివేకం చూపాడు. అనాహత నాదం మునులు గురువు చూపిన మార్గంలో ఉపాసించేది, ముక్తినిచ్చేది. కాని దానికి రంజనశక్తి లేదు, కనుక జనులకు అది మనోహరం కాదు. మీటితే, పలికితే పుట్టే ఆహత నాదం లోకాన్ని రంజింపజేస్తుంది, భవబంధాన్ని కూడా తెంచుతుంది. కాబట్టి నేను ఆహతాన్నే వివరిస్తానన్నాడు. మునికి గుహ చాలు. మనకు మనిషి కావాలి, మరో మనిషి కంఠం కావాలి, చర్మం బిగించిన మృదంగం కావాలి. ఆనందం పంచుకునే తోవలోనే ముక్తి దొరుకుతుందని శాస్త్రకారుడే హామీ ఇస్తున్నాడు. ఇంతకన్నా కరుణ గల మాట మరొక శాస్త్రంలో నేను చదవలేదు.

ఆహతానికి పరాయిదంటూ ఉండదు. తూర్పిండియా కంపెనీ వారి బ్యాండు వాయించిన బాణీలు విన్న ముత్తుస్వామి దీక్షితులు వాటికి సంస్కృత సాహిత్యం కూర్చాడు. నోట్టుస్వరాలుగా వాటిని నేటికీ పిల్లలకు నేర్పుతున్నారు. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఐరోపావారి వయొలిన్ నేర్చుకుని కర్ణాటక సంగీతంలోకి తెచ్చాడు. అక్కడ నిలబడి భుజం మీద పెట్టుకుని వాయించే వాద్యం ఇక్కడ నేల మీద కూర్చుని, తలభాగాన్ని కుడి పాదం మీద ఆనించుకుని వాయించేదయింది. తీగల శ్రుతి మారి స, ప, స, ప అయింది. ఇవాళ వయొలిన్ లేని గాత్ర కచేరీ అరుదు. అదే దీక్షితుల వంశంలో సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో సంగీత సంప్రదాయ ప్రదర్శినిని తెలుగులో వెలువరించారు. ఆ మహాగ్రంథం రాయమని పట్టుబట్టి ఒప్పించినవారిలో చిన్నస్వామి ముదలియార్ ఒకరు. ఆయన తమిళుడు, క్రైస్తవుడు.

ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానాను తలచుకుంటే నాకు చేతులు జోడించాలనిపిస్తుంది. తరతరాలుగా నాదస్వరం వాయించే ముస్లిం కుటుంబం వారిది. తంజావూరు బాణీ మీద మక్కువతో తమిళదేశం వెళ్లి నేర్చుకుని, శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుడి సన్నిధిలో వాయించి, అక్కడే శారదా నాదస్వర సంగీత ఆశ్రమం నెలకొల్పారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదునిచ్చింది. నమాజు చేసే మనిషి ఊదిన ఊపిరితో రంగనాథుడి ఉత్సవం జరిగింది. ప్రాణవాయువుకు మతం లేదని చెప్పడానికి ఉపన్యాసాలు అక్కర్లేదు, ఆయన తోడి ఆలాపన ఒకసారి వింటే చాలు.

అమెరికాలో మసాచుసెట్స్‌లో 1939లో పుట్టిన జాన్ హిగ్గిన్స్ వెస్లియన్ విశ్వవిద్యాలయంలో కర్ణాటక సంగీతం నేర్చుకోవడం మొదలుపెట్టాడు. మద్రాసు వచ్చి తంజావూరు విశ్వనాథన్ దగ్గర గాత్రం సాధన చేసి త్యాగరాజ ఆరాధనలో పాడి రసికులను మెప్పించాడు. జనం ఆయనకు హిగ్గిన్స్ భాగవతార్ అని పేరు పెట్టుకున్నారు. 1984లో రోడ్డు ప్రమాదంలో వెళ్లిపోయాడు. ఆయన రికార్డులు దొరుకుతాయి. కళ్లు మూసుకుని వినండి, పాడేవాడి దేశం గుర్తుకు రాదు.

ఇంతవరకు చెప్పినది చదివి సంగీతం ఉన్నచోట మనుషులు వారంతట వారే కలిసిపోతారని ఎవరైనా అనుకుంటే అది నిజం కాదు. కలపడానికి నాదం ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. సిద్ధంగా లేనిది మనం. హృదయంలోని అనాహత చక్రం గురించి చెబుతూ శార్ఙ్గదేవుడు, జీవుడు కొన్ని దళాల మీద ఉన్నప్పుడు గానం సిద్ధిస్తుందని, మరికొన్నింటి మీద ఉన్నప్పుడు నశిస్తుందని అంటాడు. తిరువయ్యారు చరిత్రే దీనికి వ్యాఖ్య. త్యాగరాజు ఆరాధన జరిపే భాగవతులే వర్గాలుగా చీలి పోటీగా ఉత్సవాలు చేశారు. త్యాగరాజు సమాధి శిథిలమవుతున్నదని తెలిసి కదిలిన బెంగళూరు నాగరత్నమ్మగారు మైసూరు సీమలో పుట్టిన దేవదాసి. తన సంపాదన ఖర్చు చేసి 1920 దశకంలో ఆలయం కట్టించారు. స్త్రీలు అక్కడ పాడరాదన్నారు. ఆమె స్త్రీలతో విడిగా ఆరాధన జరిపించారు. చివరికి వర్గాలన్నీ ఏకమయ్యాయి, స్త్రీల కంఠం సన్నిధిలో మోగింది. 1952లో ఆమె మరణించాక సమాధి త్యాగరాజు సన్నిధికి ఎదురుగానే వెలిసింది. పాటను అడ్డుకున్నవారి పేర్లు ఎంతమందికి గుర్తున్నాయి?

మరో కలత భాష గురించే వచ్చింది. 1943లో మద్రాసులో రాజా అణ్ణామలై చెట్టియార్ తమిళ ఇసై సంఘాన్ని స్థాపించారు. తమిళదేశంలో కచేరీ అంతా అర్థం కాని తెలుగులో సాగితే మా మనసు ఎక్కడ నిలుస్తుందని వారి ఆవేదన. తెలుగువాడిగా చెబుతున్నాను, ఆ ఆవేదన న్యాయమైనది. నాదం భాషకు ముందున్నదే, కాని మనిషి నాదం దగ్గరికి మాట పట్టుకునే దిగుతాడు. నాభి నుంచి ముఖానికి వచ్చిన మెట్లే ముఖం నుంచి నాభికి దిగే మెట్లు. తమిళుడు తమిళం పట్టుకుని దిగడమే సహజం. ఆ ఉద్యమం వల్ల తమిళ కీర్తనలకు కచేరీలో తగిన చోటు దొరికింది, త్యాగరాజుకు లోటేమీ రాలేదు. ఎవరి మెట్లు వారికుంటేనే అందరూ ఒక్క గర్భగుడిలో కలుసుకుంటారు.

పుష్య బహుళ పంచమి నాడు సమాధి ఎదుట కూర్చుని వందలమంది పంచరత్నాలు పాడేటప్పుడు ఆ కలయిక కనబడుతుంది. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. మొదటిది సంస్కృతం, మిగిలినవి తెలుగు. పాడేవారిలో తెలుగు ఇంటి భాష అయినవారు కొద్దిమందే. గోష్ఠిలో పాడేవాడికి తన గొంతు తనకు విడిగా వినబడదు. పక్కవాడి శ్వాసతో తన శ్వాస కలపకపోతే తాళం తప్పుతుంది. బిరుదులున్న విద్వాంసుడు, ఊరూపేరూ లేని విద్యార్థి ఒకే ఆవృత్తంలో ఒకే ఎడుపు మీద అందుకోవాలి. వేదాంతి అహంకారం లయం కావాలని చెబుతాడు, ఎలా లయం కావాలో గోష్ఠి చూపిస్తుంది. 1978 నుంచి అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఏటా జరిగే ఆరాధనలో కూడా, అక్కడే పుట్టి పెరిగి తెలుగు, తమిళం రెండూ సరిగా రాని పిల్లలు ఇవే ఐదు కృతులు కంఠస్థం చేసి కూర్చుంటున్నారు.

తెలుగు పాఠకులకు ఒక మనవి చేస్తాను. మన మాటను కాపాడినవారికి మన మాట రాదు. మాట వచ్చిన మనలో చాలామందికి పాట రాదు. త్యాగరాజు కృతి ఒక్కటి, మీ కంఠానికి తగినది ఎంచుకోండి. పదానికి పదం అర్థం తెలుసుకుని, శ్రుతి పెట్టుకుని, తొందర లేకుండా నేర్చుకోండి. మీ వీధిలోనో, ఆఫీసులోనో తెలుగు రాకుండా అదే కృతి పాడుకునే తమిళులో, కన్నడిగులో, మలయాళీలో తప్పక ఉంటారు. వారి పక్కన కూర్చుని పాడండి. అర్థం వారికి మీరు చెప్పండి, సంగతులు వారి దగ్గర మీరు నేర్చుకోండి. వచ్చే పుష్య బహుళ పంచమికి మీ ఊరి గోష్ఠిలో ఇద్దరూ కలిసి కూర్చోండి.